లవంగిక మత్సరం

శంఖపురి రేవులో ఓడ దిగిన పరదేశి ఎవడూ రాజుగారి కోటకు దారి అడిగేవాడు కాదు. లవంగిక మేడకు దారి అడిగేవాడు. మేడ దొరికితే దాని వెనకే కోట దొరుకుతుందని రేవు కూలీలు నవ్వుతూ చెప్పేవారు. పన్నెండేళ్ళుగా ఆ నగరంలో అదే వాడుక.

సముద్రానికి ఎదురుగా ఏడు గవాక్షాలు, గంధపు చెక్క గడపలు, నడవ పొడవునా పచ్చరాళ్ళు పొదిగిన దీపస్తంభాలు, నడిమి చావడిలో అద్దంలా మెరిసే నల్లరాతి నేల. ఆ నేల మీద ఆరో ఏట కాలు పెట్టి, తల్లి చేతి బెత్తం కింద అరికాళ్ళు బొబ్బలెక్కేదాకా ఆడి, ఇరవయ్యొకటో ఏట సభానర్తకి అయింది లవంగిక. భద్రసేన మహారాజు సింహాసనానికి ఎడమ పక్కన ఒక దంతపు పీట ఉండేది. మణిమంత రాజ్యంలో దాని మీద కూర్చునే హక్కు సభానర్తకి ఒక్కదానికే. మంత్రి ఏదైనా విన్నవించుకుంటుంటే, రాజు ముఖం కన్నా ముందు ఆ పీట మీది మనిషి కనుబొమ ఎటు కదిలిందో చూసేవారు సభాసదులు.

అలాంటి లవంగిక ఆ ఉదయం నిండు సభలో తన పీట మీద కూర్చుని, పైట చెరగు వేలికి చుట్టి, వేలు నల్లబడేదాకా బిగిస్తూ ఉంది.

ఎదురుగా చిత్రవల్లి ఆడుతోంది. ఆ పిల్లకు ఇరవై ఏళ్ళు కూడా ఉండవు. నలభై రోజుల కిందట కాలనాగ ద్వీపం నుంచి వచ్చిన నల్ల తెరచాప ఓడలో దిగింది. వెంట నట్టువగురువు ధూమకేశుడు. మోకాళ్ళ దాకా వేలాడే పొగరంగు జుట్టు, ఎండిన తాటిమట్ట లాంటి ఒళ్ళు, చేతిలో కంచు తాళాలు. అతను తాళం తాకించగానే ఆ పిల్ల కాళ్ళు నేల మీద నిలిచేవి కావు. గాలికి లేచిన దూదిపింజలా తేలేది, సుడిలో పడిన ఆకులా తిరిగేది, దీపాలు వెలిగించిన పళ్ళెం అంచు మీద నిలబడి చుట్టూ ముగ్గు గీసేది. నాలుగు ఘడియలు ఆడినా నుదుట చెమట బొట్టు కనిపించేది కాదు.

లవంగిక కళ్ళు మాత్రం ఇరవై ఏడేళ్ళ సాధన చేసిన కళ్ళు. చేయి పోయిన చోటికి చూపు పోవాలని మొదటి పాఠంలోనే చెబుతారు. ఈ పిల్ల చేయి ఒక చోటికి పోతే చూపు ఇంకో చోట బిగుసుకుపోయి ఉంది. మృదంగం వాయించేవాడు ఒకచోట దెబ్బ తప్పాడు, అయినా ఈ పిల్ల అడుగు తప్పలేదు. ఇవన్నీ లవంగిక చూసింది. చూసి, ఎంత పొగరు అనుకుంది.

ఆట ముగిసింది. మహారాజు మెడలోని ముత్యాల హారం తీసి చిత్రవల్లి వైపు చాచి, ఎల్లుండి వసంతోత్సవం నాడు మధ్యాహ్నం దంతపు పీట ఈమెకు దక్కుతుందని, ఈమె చేతి పూలమాల తాను స్వీకరిస్తానని ప్రకటించాడు. సభ హోరెత్తింది. లవంగిక లేచి చిరునవ్వుతో చేతులు జోడించింది. ఆ చిరునవ్వు కింద పళ్ళు పటపటలాడడం ఎవరికీ వినిపించలేదు.

పీట పోతే పోయింది. అంతకన్నా లోతుగా దిగిన ముల్లు ఇంకొకటి ఉంది. సభాద్వారం దగ్గర కత్తి పట్టి నిలబడ్డ అశ్వదళపతి సింహకేతుడు రెప్ప వేయకుండా చిత్రవల్లిని చూస్తున్నాడు.

సింహకేతుడు పడవ నడిపేవాడి కొడుకు. కత్తి ఒక్కటే ఆస్తిగా పైకి వచ్చినవాడు. ఎడమ కనుబొమ మీద పాత గాటు, కుడి చేతికి తండ్రి ఇచ్చిన ఇనుప కడియం. అయిదేళ్ళుగా ప్రతి సాయంత్రం లవంగిక మేడకు వచ్చేవాడు. రాజులు, వర్తకులు కానుకలు మోసుకొచ్చి బయటి చావడిలో కూర్చుంటే, ఇతను ఉత్త చేతులతో వచ్చి లోపలి గదిలో చాప మీద పడి నిద్రపోయేవాడు. అలా నిద్రపోయే మనిషిని చూస్తూ కూర్చోవడం కన్నా గొప్ప సుఖం లవంగిక ఎరగదు. అతను మేడకు వచ్చి ఇవాళ్టికి ఇరవై రెండు రోజులు.

ఆ మధ్యాహ్నమే లవంగిక పట్టుచీర విప్పి ముతక కోక కట్టింది. ముఖానికి పసుపు దట్టంగా రాసుకుని, నెత్తిన పూలబుట్ట పెట్టుకుని, చిత్రవల్లికి విడిదిగా ఇచ్చిన తోటమేడ పెరటి వాకిలికి వెళ్ళింది. కాపలావాడు బుట్టలో చేయి పెట్టి నాలుగు సంపెంగలు తీసుకుని లోపలికి పొమ్మన్నాడు. రోజూ కోట ముందు లవంగిక పల్లకీ దిగితే వంగి దండం పెట్టేవాడే ఆ కాపలావాడు.

తోట నిండా పొగడలు విరగబూశాయి. తుమ్మెదలు రొద పెడుతున్నాయి. మాధవీలత పందిరి కింద రాతి అరుగు మీద చిత్రవల్లి కూర్చుని ఉంది. ఆమె పాదం ఒడిలో పెట్టుకుని నేల మీద కూర్చున్నాడు సింహకేతుడు.

లవంగిక పొగడ చెట్టు చాటున కాలు కదపలేకపోయింది. యుద్ధంలో శత్రువు ఏనుగు ముందు తల వంచనివాడు, రాజు ముందైనా నడుము సగమే వంచేవాడు, ఒక పిల్ల కాలి అందెను రెండు చేతులా పట్టుకుని దాని మీదికి వంగి ఉన్నాడు. అయిదేళ్ళలో తన కాలికి ముల్లు గుచ్చుకుంటే దాదిని పిలిచాడు గాని తాను తీయలేదు.

అతను మెల్లగా మాట్లాడుతున్నాడు. రేపు పొద్దు వాలేలోపు ఉప్పుటేరు దగ్గర పడవ పెడతానన్నాడు. గురువు సంధ్యాపూజకు కూర్చునే సమయం చూసి రమ్మన్నాడు. ఆ తరువాత అన్న మాట లవంగిక చెవిలో సీసం పోసినట్టు దిగింది.

"నిన్ను మా ఊరికి తీసుకుపోతాను. మా అమ్మకు నిన్ను చూపించాలి."

తల్లి ఉన్నదని కూడా లవంగికకు అతను ఏనాడూ చెప్పలేదు.

బుట్ట చెట్టు మొదట్లో వదిలేసి ఆమె మేడ ముందు వైపుకు వెళ్ళింది. అక్కడ ధూమకేశుడు పులితోలు మీద కూర్చుని తాళాలకు నూనె రాస్తున్నాడు. పసుపు ముఖం చూసీ చూడగానే, సభానర్తకిగారికి ఈ వేషమెందుకని అడిగాడు. ఆమె దాచలేదు. పడవ, ఉప్పుటేరు, పొద్దు వాలే వేళ, అన్నీ చెప్పింది. చెబుతున్నంతసేపు గొంతు వణకలేదు.

"నీకేం కావాలి?" అన్నాడు ధూమకేశుడు.

"ఆ పిల్ల వచ్చిన ఓడలోనే వెనక్కి పోవాలి. దళపతి మా ఇంటికి రావాలి. అంతే."

"వస్తాడు. వచ్చాక ఇక మీ గడప దాటడు" అని అతను తాళాలు ఒకదానికొకటి తాకించాడు. ఎక్కడో తోటలో ఒక అడుగు నేల మీద పడిన చప్పుడు వినిపించింది. లవంగిక వెనక్కి తిరిగి చూడలేదు.

మర్నాడంతా ఆమె మేడను పెళ్ళివారిల్లులా అలంకరింపజేసింది. గడపలకు గంధం పూయించింది, లోపలి గదిలో కొత్త చాప వేయించింది. పొద్దు వాలింది. సింహకేతుడు రాలేదు.

వసంతోత్సవం నాటి ఉదయం ఎవరో వాకిట్లో వెదురు పంజరం పెట్టి వెళ్ళారు. దాది పేరిందేవి దాన్ని చావడిలోకి తెచ్చి దించింది. లోపల పెద్ద మగ నెమలి ఉంది. ఇంద్రనీలం లాంటి మెడ, నేల ఊడ్చే పింఛం. గింజలు వేస్తే ముట్టలేదు, నీళ్ళు పెడితే తాగలేదు. పంజరం ఎటు తిప్పినా మెడ తిప్పి తోటమేడ వైపే చూస్తోంది.

"ఎంత అందమైన పక్షిని పంపారో చూడమ్మాయీ. కాలికి ఈ ఇనుప ముక్కేమిటో మరి" అంది పేరిందేవి.

లవంగిక వంగి చూసింది. నెమలి కాలికి ఇనుప కడియం. ఎడమ కంటి మీద పాత గాటు.

 పంజరం తలుపు తీసి చేయి లోపల పెట్టింది. నెమలి పొడవలేదు, దగ్గరికీ రాలేదు. ఒక్కసారి ఆమె ముఖంలోకి చూసి, మళ్ళీ మెడ తోటమేడ వైపు తిప్పుకుంది. కత్తితో పొడిచినా అంత నొప్పి ఉండేది కాదు. తన మూలంగా మనిషి పక్షి అయ్యాడన్న వణుకు ఒకవైపు, పక్షి అయ్యాక కూడా చూపు అటే అన్న మంట ఇంకొకవైపు. రెండూ కలిసి ఆమెను చావడి నేల మీద కూలదోశాయి.

కూలినచోటే కళ్ళు మూసుకుంది. మూసిన కళ్ళ ముందు మొన్నటి ఆట మళ్ళీ కదిలింది. చేయి ఒకవైపు, చూపు ఒకవైపు. మృదంగం తప్పినా తప్పని అడుగు. ఆ పిల్ల మృదంగం వినడం లేదు. పాట వినడం లేదు. ఆ కాళ్ళు వినేది కంచు తాళాల్ని మాత్రమే. తోటలో సింహకేతుడు అందె పట్టుకుని వంగింది ముద్దు కోసం కాదు, దాని మర ఊడదీయడానికి. అందెలే సంకెళ్ళు. తాళం మోగితే కాళ్ళు ఆ సంకెళ్ళ మాటే వింటాయి. మరి ఇవాళ మధ్యాహ్నం ఆ కాళ్ళు నడిచి వెళ్ళి, ఆ చేతులు రాజు మెడలో వేసే మాల ఎవరు కట్టిన మాల?

లవంగిక లేచింది. పేరిందేవిని గజ్జెలు తెమ్మంది. పెట్టెలో ఉన్న కొత్తవి వద్దని, తల్లి ఆమె కాలికి మొట్టమొదట కట్టిన పాత తోలుపట్టీ గజ్జెలు తీయించింది.

మధ్యాహ్నానికి కోట ముంగిలి రంగుల సముద్రంలా ఉంది. మెట్ల మీద బారులు తీరిన బానల నిండా వసంతం, పసుపు సున్నం కలిపిన ఎర్రనీళ్ళు, ఎండకు నెత్తురులా మెరుస్తోంది. సభలో మామిడి చిగుళ్ళ తోరణాలు, మోదుగుపూల గుత్తులు. చిత్రవల్లి నల్లకలువల మాల పట్టుకుని సింహాసనం వైపు అడుగులు వేస్తోంది. ధూమకేశుడి తాళం అడుగుకొక్కటి చొప్పున మోగుతోంది.

లవంగిక సభ నడుమకు వచ్చి నిలబడింది. పీట దిగే నర్తకికి పోయేముందు ఒక ఆట కోరే హక్కు ఉందని, ఒకే తాళానికి పాత నర్తకీ కొత్త నర్తకీ కలిసి ఆడాలని, తప్పినవారు రాజ్యం విడవాలని, ఇది భద్రసేనుడి తాతగారు వేసిన కట్టడి అని ఆమె విన్నవించింది. వృద్ధమంత్రి అవునన్నాడు. మహారాజు తల ఊపాడు. పండగ నాడు పందెం అంటే కాదనేవారెవరు? ధూమకేశుడు పెదవి విరిచి తాళాలు ఎత్తాడు.

ఆట మొదలైంది. లవంగిక తేలిగ్గా నాలుగేసి దెబ్బల నడకలో సాగింది. పక్కన చిత్రవల్లి నీడలా సాగింది. లవంగిక అయిదుకు మారింది. తాళం మారింది, చిత్రవల్లి మారింది. ఏడుకు మారింది, తొమ్మిదికి మారింది. ధూమకేశుడు నవ్వుతూ అందుకుంటున్నాడు. లవంగిక వేగం రెండింతలు చేసింది, మళ్ళీ రెండింతలు. గజ్జెల మోత వడగళ్ళ వానలా ఉంది. ఆమె ఒళ్ళంతా చెమట కారిపోతోంది, కొప్పు ఊడింది, పాత తోలు ఒరుసుకుని చీలమండ చిట్లింది. పక్క పిల్ల ముఖాన చెమట లేదు. ఆ క్షణాన కూడా లవంగికకు దాని మీద అసూయే కలిగింది. ఆ కాళ్ళు నావైతేనా, అనుకుంది.

ధూమకేశుడి నవ్వు ఆగింది. ఇప్పుడు అతని కళ్ళు ఆమె పాదాల్ని వదలడం లేదు. ఆమెకు కావలసింది అదే. నట్టువుడు పాదాన్ని వెంబడించడం మొదలుపెట్టాక పాదమే నట్టువుడు. ఆమె చివరి ముక్తాయి ఎత్తుకుంది. మూడుసార్లు తిప్పి, మూడోసారి కుడికాలు ఆకాశానికి ఎత్తి, దింపుతున్నట్టు దింపి, నేలకు వెంట్రుకవాసి ఎడంలో ఆపేసింది.

తాళం మోగింది. అడుగు పడలేదు.

నిశ్శబ్దంలో ఆ ఒంటరి కంచుమోత సభంతా తిరిగి వచ్చింది. ఒక ముసలి వీణగాడు తనకు తెలియకుండానే "తాళం తప్పింది" అన్నాడు. ఆ మాటతో మంత్రం పట్టు సడలి చిత్రవల్లి కుడికాలి అందె ఎండిన కుండలా పగిలి ముక్కలైంది. ఆ పిల్ల మాల వదిలేసి నేల మీద పడింది. నల్లకలువల నడుమ నుంచి వేలెడేసి పాములు బుసకొడుతూ పాకాయి.

సభ లేచింది. ధూమకేశుడు ఒక తాళం విసిరాడు. అది చక్రంలా తిరుగుతూ వచ్చి దీపస్తంభాన్ని నరికింది. అతని జుట్టు విప్పారి నిజమైన పొగై సభను కమ్మింది. భటులు దగ్గుతూ ఒకరినొకరు పట్టుకున్నారు. లవంగిక చేతికందిన చిత్రవల్లి మణికట్టు పట్టుకుని, వాద్యగాళ్ళు వచ్చిపోయే చిన్న వాకిలి గుండా బయటపడింది. పన్నెండేళ్ళుగా తిరిగిన దారి, పొగలో కళ్ళు మూసుకునైనా పోగలదు. మెట్ల దగ్గర వసంతం బానలు ఒక్కొక్కటే కాలితో తన్నింది. వెంటపడిన ధూమకేశుడి మనుషులు ఎర్రనీళ్ళలో జారి మెట్లమ్మట దొర్లారు. మేడకు పరుగు, నెమలిని చంకన పెట్టుకుని రేవుకు పరుగు. అక్కడ ఒక జాలరి పడవ ఎండుతోంది.

"నేను వేస్తాను తెడ్డు" అంది చిత్రవల్లి. ఆమె నోట లవంగిక విన్న మొదటి మాట అదే.

నాట్యమాడినప్పుడు కనిపించని చేవ తెడ్డు పట్టగానే ఆ చేతుల్లో కనిపించింది. అలల్ని ఏటవాలుగా కోస్తూ పడవను బయటి సముద్రంలోకి తెచ్చింది. వెనక నల్ల తెరచాప లేచింది. దాని మీద నుంచి, జత పోయిన ఒంటి తాళాన్ని దేనికో కొట్టిన మోత వచ్చింది. ఎడమకాలి అందె గల్లుమంది. ఆ కాలు తనంతట తాను లేచి పడవ అంచు దాటబోయింది. లవంగిక దాని మీద కూర్చుంది.

"నాకసలు ఆటే రాదక్కా. కాళ్ళే ఆడతాయి, నేను చూస్తా ఉంటాను. ముత్యాలకు మునిగేవాళ్ళం మేము. మా అయ్యను కరకరా నమిలేస్తానని బెదిరించి నాకు ఈ అందెలు తొడిగాడు" అంది ఆ పిల్ల. తరువాత నెమలిని చూసి, ఎవరో అడగకుండానే ఎరిగి, రెండు చేతుల్లోకి తీసుకుంది. నెమలి ఆమె భుజం మీద మెడ వాల్చింది.

లవంగిక సముద్రం వైపు తిరిగింది. కాసేపటికి, గురువుకు చెప్పింది తానేనని చెప్పింది. ఎందుకు చెప్పిందో కూడా చెప్పింది. తెడ్డు ఆగింది. పడవ అలల మీద ఊరికే ఊగింది. చిత్రవల్లి ముఖం ఎర్రబడింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఒడ్డు చేరాక నీ సంగతి చూస్తాను" అని మళ్ళీ తెడ్డు వేసింది.

చాలా దూరం పోయాక లవంగిక ఉండబట్టలేక అడిగింది.

"అతను నా గురించి ఏమైనా చెప్పేవాడా?"

"మీ ఇంట్లో నిద్ర పట్టినట్టు ఇంకెక్కడా పట్టదన్నాడు."

అది తేనో విషమో లవంగికకు తేలలేదు. అయినా ఆ మాటను మనసులో తిప్పి తిప్పి చప్పరించింది.

అప్పుడు చిత్రవల్లి కాలనాగ ద్వీపం గుట్టు చెప్పింది. ధూమకేశుడు పక్షులుగా మార్చినవారి మానవరూపాలన్నీ ఆ ద్వీపం గుహలో ఒక గుండంలో ఉంటాయి. పక్షిని ఆ గుండం ఒడ్డున దింపి పేరు పెట్టి పిలవాలి. ప్రపంచంలో ఆ మనిషిని అందరికన్నా ఎక్కువగా ప్రేమించినవారు పిలిస్తే రూపం తిరిగి వస్తుంది. అంతకన్నా తక్కువ ప్రేమ ఉన్నవారు పిలిస్తే, పిలిచినవారు కూడా పక్షి అవుతారు. చిత్రవల్లి మేనత్త అలాగే కొంగ అయి ఇప్పటికీ ఆ ద్వీపం రేవులో తిరుగుతోందట.

"నేను పిలుస్తాను. అతను నా వాడు" అంది చిత్రవల్లి.

"గుండం అడిగేది అతను ఎవరివాడని కాదు. అతన్ని ఎవరు ఎక్కువ కోరుకున్నారని" అంది లవంగిక.



పొద్దు రెండు బారలు ఉండగా ద్వీపం కనిపించింది. పడగ విప్పిన తాచు ఆకారంలో నల్లని కొండ, పడగ కింద కోరల్లా వేలాడే తెల్లరాళ్ళు, వాటి మధ్య గుహ నోరు. ఒడ్డు పొడవునా వేల పక్షులు కూత లేకుండా కూర్చుని ఉన్నాయి. పడవ ఇసుకకు తగిలేసరికి నల్ల తెరచాప కూతవేటు దూరంలో ఉంది. తాళం మోగింది. చిత్రవల్లి ఎడమకాలు వెనక్కి, నీళ్ళ వైపు, ఓడ వైపు నడవడం మొదలుపెట్టింది. కుడికాలు ఇసుకలో తన్నిపెట్టినా, ఎడమకాలు ఆమెను ఈడుస్తోంది.

నెమలి లవంగిక చేతిలో ఉంది. గుహ ఎదురుగా ఉంది. తాను ఒక్కతే లోపలికి పోవచ్చు. ఒక్కతే పిలవచ్చు. అతను కళ్ళు తెరిచేసరికి ఎదుట ఉండేది తానొక్కతే. ఈ పిల్ల సంగతి ఎవరూ అడగరు. అడిగినా, కాలు లాక్కుపోయిందని చెబితే అబద్ధం కాదు.

ఆమె గుహ వైపు పది అడుగులు వేసింది. వెనక నుంచి కేక రాలేదు. ఆ పిల్ల తనను పిలవడం లేదు. రమ్మని అడిగే ఆశ కూడా పెట్టుకోలేదు. పదకొండో అడుగు లవంగిక వేయలేకపోయింది. తిట్టుకుంటూ వెనక్కి పరుగెత్తింది. నడుముకున్న పట్టుదట్టీ విప్పి ఒక కొస చిత్రవల్లి నడుముకు, ఇంకొక కొస తన నడుముకు బిగించి కట్టింది.

"నిన్ను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. రేపూ మండుతుంది. నువ్వు లేకుండా గెలిస్తే అది గెలుపని నేనే ఒప్పుకోను. పద."

ఒంటికాలి బలంతో ఒకతె, రెండు కాళ్ళ మొండితనంతో ఒకతె, ఇసుకలో ఈడ్చుకుంటూ, రాళ్ళ మీద పాకుతూ గుహలో పడ్డారు. లోపల నీలి వెలుగు. గోడలంతా ముత్యపు చిప్పలు, నడుమ గుండ్రని గుండం. నీళ్ళ అడుగున వందల ముఖాలు నిద్రపోతున్నట్టు కనిపిస్తున్నాయి. అందులో ఒక ముఖాన్ని ఇద్దరూ ఒకేసారి గుర్తుపట్టారు.

లవంగిక నెమలిని అంచున దింపింది. గుహ నోట ధూమకేశుడి నీడ పడింది. పొగ తాడులా పాకుతూ లోపలికి వస్తోంది. నువ్వు ముందు అని ఒకరికొకరు చెప్పుకునే తీరిక లేదు, చెప్పుకునే మనసూ లేదు.

"సింహకేతూ" అన్నారు ఇద్దరూ ఒక్క గొంతుతో.

గుండం అటూ ఇటూ ఊగింది. ఎవరిదో తేల్చుకుంటున్నట్టు ఒక క్షణం నిలిచింది. తరువాత నీళ్ళు ఒకవైపే, లవంగిక వైపే, తాటి ప్రమాణం లేచాయి. అది వరం ఇవ్వడానికి వచ్చే అలో, రెక్కలు మొలిపించడానికి వచ్చే అలో తెలియలేదు. చిత్రవల్లి భయపడి నడుముకు కట్టిన దట్టీ పట్టి వెనక్కి లాగింది.

లవంగిక ఆ దట్టీ ముడి విప్పేసింది. వరమైనా రెక్కలైనా తన ఒక్కదానికే రానీ అనుకుని చిత్రవల్లిని గోడ వైపుకు తోసి, నెమలిని గుండెకు హత్తుకుని, మీద పడుతున్న నీళ్ళకు ఎదురుగా ఒక అడుగు ముందుకు వేసింది.